టామరాక్ కౌంటీ వెబ్‌సైటుకు దారి వేసిన మార్లిస్

టామరాక్ కౌంటీ కార్యాలయం తలుపు తోసుకుని లోపలికి రాగానే ఎదురయ్యే బల్ల మార్లిస్ హాకలాది. ఇరవై ఆరేళ్లుగా ఆమె అక్కడే కూర్చుంటోంది. పెళ్లి లైసెన్సు కోసం సిగ్గుపడుతూ వచ్చినవాళ్లు, కంచె గొడవతో రుసరుసలాడుతూ వచ్చినవాళ్లు, కుక్క మెడకు బిళ్ల కావాలన్నవాళ్లు, ఏ పనీ లేకపోయినా కాసేపు వెచ్చగా నిలబడి పోదామని వచ్చినవాళ్లు, అందరూ మొదట చూసేది ఆమె మొహాన్నే. ఫోన్లు కూడా ముందు ఆమె చెవినే పడతాయి. "హలో" అన్న గొంతును బట్టే అవతల ఉన్నది ఎవరో, ఏ సరస్సు ఒడ్డు వాళ్లో చెప్పేయగలదు.

ఆమె పెద్ద చదువులేమీ చదవలేదు. హైస్కూలు అయ్యాక కొన్నేళ్లు వెన్న కర్మాగారంలో డబ్బాలకు కాగితాలు అంటించింది. తర్వాత స్కూలు బస్సు నడిపింది. ముప్ఫై మూడో ఏట ఈ బల్ల దగ్గరికి చేరి ఇక కదల్లేదు. మొగుడు డ్వేన్ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. "నేను రోడ్లు శుభ్రం చేసేదే జనం వచ్చి నిన్ను విసిగించడానికి" అని ఇరవై ఆరేళ్లుగా ఒకే జోకు వేస్తున్నాడు.

ఆ ఏడాది జనవరిలో ఒక గురువారం పొద్దున వైనో లహ్తి వచ్చాడు. ఎనభై ఒకటేళ్ల మనిషి. కలప కంపెనీల కోసం ముప్ఫై అయిదేళ్లు అడవులు కొలిచిన మనిషి. జేబులో దిక్సూచి వేసుకుని ఒంటరిగా అడవిలోకి వెళ్తే నాలుగో రోజు సరిగ్గా చెప్పిన చోటే బయటికి వచ్చేవాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముప్ఫై ఎనిమిది మైళ్లు గడ్డకట్టిన రోడ్డు మీద ట్రక్కు నడుపుకుంటూ వచ్చాడు. కనుబొమల మీద మంచు ఇంకా కరగలేదు.

"ఏంటి వైనో గారూ, ఈ చలిలో ఇంత దూరం!" అంది మార్లిస్.

"చమురు కాగితం కావాలమ్మాయ్. ఇల్లు వెచ్చబెట్టుకునే పొయ్యిలోకి చమురుకి కౌంటీ వాళ్లు ఏదో ఇస్తారంట కదా, దానికి రాసుకునే కాగితం."

"దానికోసం ఇంత దూరం వచ్చారా? అది వెబ్‌సైటులోనే ఉందిగా!"

"ఉందనే చెప్పారు. మీ ఆఫీసు మూశాక ఫోను చేస్తే మర కూడా అదే చెప్పింది. రెండు పొద్దులు లైబ్రరీకెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నా. దొరకలేదు." టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నెమ్మదిగా అన్నాడు. "నాకు మతి పోతున్నట్టుందమ్మా. ఎవరికీ చెప్పకు."

ఆ చివరి మాటకు మార్లిస్ గుండె చివుక్కుమంది. మామూలుగా అయితే కాగితం అచ్చుతీసి చేతిలో పెట్టి పంపేసేది. కానీ ఆ మనిషి మతి పోయిందనుకుంటూ ఇంటికి వెళ్లడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఇది ఎంత సులువో చూపిద్దామని తన తెరను ఆయన వైపు తిప్పి, మౌసు చేతికిచ్చింది.

"లైబ్రరీలో ఎలా వెతికారో ఒకసారి చూపించండి."

వైనో ముందు 'పౌరులు' అన్న మాట మీదికి బాణం గుర్తు తెచ్చాడు. కిందికి ఓ పొడవాటి మెనూ జారింది. అందులో 'మానవ సేవలు' మీదికి వెళ్లగానే పక్కకు ఇంకో మెనూ తెరుచుకుంది. ఆ పక్క మెనూ మీదికి వెళ్లబోతుంటే వేలు కొంచెం వణికింది, బాణం అంచు దాటింది, అంతే, రెండు మెనూలూ మాయమయ్యాయి. మళ్లీ మొదటి నుంచి. మూడోసారికి ఎలాగో 'కార్యక్రమాలు, వనరులు' అన్నదాన్ని పట్టుకున్నాడు. ఆ పేజీ కొత్త కిటికీలో తెరుచుకుంది. అది కాదని వెనక్కి వెళ్లబోతే వెనక్కి వెళ్లే గుర్తు పనిచేయలేదు.

"ఇదిగో, ఇక్కడే. ఇప్పుడు నేనెక్కడున్నానమ్మా?" అన్నాడు వైనో.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. వెతికే పెట్టెలో 'చమురు' అని కొట్టాడు. ఫలితాలు సున్నా అని వచ్చింది.

"ఇటివ్వండి, నేను చూపిస్తా" అని మార్లిస్ మౌసు తీసుకుంది. ఇరవై ఆరేళ్లుగా అదే కార్యాలయంలో ఉన్న మనిషి. నాలుగు నిమిషాలు పట్టింది. పదకొండు క్లిక్కులు. కాగితం ఎక్కడ దొరికిందంటే 'ఆర్థిక సుస్థిరత' అన్న శీర్షిక కింద, 'గృహ ఇంధన సహాయ కార్యక్రమము' అన్న పేరుతో.

వైనో ఆ పేరును రెండుసార్లు చదివాడు. "చమురు అని రాయడానికి ఏం రోగం వీళ్లకి?"

"మీకేం మతి పోలేదు, వైనో గారూ" అంది మార్లిస్. కాగితం అక్కడికక్కడే నింపించి, స్వయంగా మేడ మీదికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే కర్టిస్ బ్రాండ్‌వోల్డ్ గదికి వెళ్లింది. కర్టిస్ కౌంటీ పాలనాధికారి. నలభై అయిదేళ్ల వాడు, చెడ్డవాడు కాదు. రెండేళ్ల కిందట ఆ వెబ్‌సైటును దగ్గరుండి కట్టించింది ఆయనే. అది రంగురంగుల బొమ్మలతో ముచ్చటగా ఉంటుందని ఆయనకు మహా సంబరం.

మార్లిస్ పేరు చెప్పకుండా జరిగింది చెప్పింది. కర్టిస్ ఓపికగానే విన్నాడు.

"పాపం పెద్దాయన. కానీ ఒక్కాయన కోసం వెబ్‌సైటు మార్చలేం కదా మార్లిస్. కొత్తదానికి అలవాటు పడాలి."

"ఒక్కాయనే అని మీకెవరు చెప్పారు?"

"ఒక్కాయన కాదని మీకెవరు చెప్పారు?"

మార్లిస్ లేచింది. బయటికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. ఒళ్లు మండుతున్నా, ఆయన అడిగినదాంట్లో తప్పులేదని ఆమెకు తెలుసు. అప్పుడే ఫోను మోగింది. అవతల ఓ ఆడగొంతు: "చచ్చిన జింకను ఇంటికి తీసుకుపోవచ్చా అండీ? రోడ్డు పక్క పడుంది, ఇప్పుడే ఏదో బండి గుద్దినట్టుంది, ఇంకా వెచ్చగానే ఉంది. వెబ్‌సైటులో చూశా, ఎక్కడా లేదు."

అది వెబ్‌సైటులో ఉంది. 'ప్రజా భద్రత' కింద. మార్లిస్ సొరుగులోంచి ఒక పసుపు నోటు పుస్తకం తీసి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది.

ఆ రోజు నుంచి ప్రతి ఫోనుకూ అదే పని. అడిగినవాళ్ల మాటను దిద్దకుండా, కార్యాలయం భాషలోకి మార్చకుండా రాసేది. ముందు వెబ్‌సైటులో చూశారా, ఎక్కడ చూశారు, ఎక్కడ చేతులెత్తేశారు అని అడిగి అది కూడా పక్కన రాసేది. ఆరు వారాలకు నాలుగు వందల పన్నెండు ఫోన్లు అయ్యాయి. వాటిలో రెండు వందల డెబ్భై మంది అడిగింది వెబ్‌సైటులో ఉన్నదే. చూసీ కనబడక ఫోను చేసినవాళ్లు నూట తొంభై మంది.

ఆ పుస్తకం పట్టుకుని కింది అంతస్తుకు దిగింది. బాయిలరు పక్క గదిలో రెనే బోలియూ ఒక్కతే కూర్చుంటుంది. కౌంటీ వెబ్‌సైటు, కంప్యూటర్లు, ప్రింటర్లు, పాడైన ఫోన్లు అన్నీ ఆ ముప్ఫై నాలుగేళ్ల మనిషి నెత్తినే. దగ్గర్లోనే ఆదివాసీలకు కేటాయించిన రిజర్వేషన్ భూముల్లో పుట్టి పెరిగిన పిల్ల. నోరు చురుకు.

"మీరూ తిట్టడానికే వచ్చారా?" అంది రెనే, తల ఎత్తకుండానే. "పొద్దున్నించి మీరు నాలుగోవాళ్లు. అక్కడ వరసలో నిలబడండి."

"తిట్టడానికి రాలేదు. ఇది చూపిద్దామని."

రెనే పుస్తకం తెరిచింది. ఒక పేజీ చదివింది. ఇంకో పేజీ తిప్పింది. తర్వాత చేతిలో ఉన్న మరమేకు పక్కన పెట్టేసింది.

"ఇదెవరు రాయమన్నారు మీకు?"

"ఎవరూ రాయమనలేదు."

రెనే తన తెర మీద ఏదో తెరిచి ఆమె వైపు తిప్పింది. వెతికే పెట్టెలో జనం రెండేళ్లుగా కొట్టిన మాటలన్నీ అందులో ఉన్నాయి. 'చెత్త', 'డంపు ఎన్నింటికి', 'డంపు ఆదివారం ఉందా', 'చేపల గుడిసె నంబరు', 'మా అమ్మకి భోజనం', 'చమురు'. ఒక్కోదాని పక్కన ఒక్కో సున్నా. వెబ్‌సైటులో చెత్త అన్న మాటే లేదు. 'ఘన వ్యర్థాల నిర్వహణ' అని ఉంది.

"ఏడాదిన్నర నుంచి చెబుతున్నా వీళ్లకి" అంది రెనే. "నేను చెబితే కంప్యూటరు పిల్ల గొణుగుడు. మీ దగ్గర జనం ఉన్నారు, మార్లిస్. నా దగ్గర ఉత్త సున్నాలే."

ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని వాళ్లిద్దరూ సాయంత్రం దాకా కూర్చున్నారు. పసుపు పుస్తకంలోని మాటలూ, పెట్టెలో కొట్టిన మాటలూ అచ్చు ఒక్కటే.

ఇక ఎలా సరిచేయాలన్నది ప్రశ్న. రెనే ఒక పద్ధతి చదివి ఉంది. జనానికి అవసరమయ్యే అరవై నాలుగు సంగతుల్ని ఒక్కో అట్టముక్క మీద ఒక్కోటి రాసి, వాటిని జనానికే ఇచ్చి, ఏవి వేటితో కలుస్తాయో కుప్పలు పోయమనాలి, కుప్పకు పేరు కూడా వాళ్లనే పెట్టమనాలి. జనం ఎక్కడ దొరుకుతారో మార్లిస్‌కు తెలుసు. ఈస్టరు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజులు, శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి చర్చి హాలులో చేపల విందు. ఊరంతా అక్కడే ఉంటుంది.

మార్లిస్ హాలు మూలన బల్ల వేసుకుని కూర్చుంది. డ్వేన్ ప్లేటు నిండా చేప ముక్కలు పెట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడ్డాడు.

"పేకాటా? పందెం ఎంత?"

"నోరు మూసుకుని కుప్పలు పెట్టు."

"ఇంట్లో గిన్నెలు సర్దలేని వాడితో కౌంటీని సర్దిస్తున్నావా? నీకు మతుండే చేస్తున్నావా ఇదంతా?" అంటూనే అట్టముక్కలు ముందుకు లాక్కున్నాడు. పావుగంటలో చుట్టూ పదిమంది గుమిగూడారు. చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద వేసుకునే చేపల గుడిసె నంబరును పడవ నంబరుతో కలపాలా, వేట లైసెన్సుతో కలపాలా అని ఇద్దరు అన్నదమ్ములు పోట్లాటకు దిగారు. చచ్చిన జింక అట్టముక్కను అందరూ 'వేట, చేపలు' కుప్పలో వేస్తుంటే, అల్మా అనే ముసలావిడ మాత్రం దాన్ని తీసి 'భోజనం' కుప్పలో పడేసింది.

"అదేంటి అల్మా గారూ!" అన్నాడు డ్వేన్.

"తినకపోతే మరి ఎందుకయ్యా తీసుకుపోవడం? గోడకి తగిలించుకోడానికా?"

హాలంతా నవ్వింది. మార్లిస్ కూడా నవ్వుతూనే రాసుకుంది. నాలుగు శుక్రవారాల్లో యాభై ఏడుగురు కుప్పలు పెట్టారు. ఒక్కరంటే ఒక్కరు కూడా 'మానవ సేవలు' అనో 'పర్యావరణ సేవలు' అనో కుప్పకు పేరు పెట్టలేదు. 'చెత్త', 'రోడ్లు', 'మా భూమి', 'వేట, చేపలు' అని పెట్టారు.

ఆ పేర్లతో కొత్త మెనూ కాగితం మీద తయారైంది. ఒక్క పేరు మాత్రం మార్లిస్ సొంతంగా పెట్టింది. చమురుకు, కరెంటుకు, ఇంటికి వచ్చే భోజనానికి, మందులకు సంబంధించినవన్నీ కలిపి 'సాయం' అని ఒక శీర్షిక కింద చేర్చింది. జనం కష్టంలో ఉన్నప్పుడు వెతుక్కునే మాట అదేనని, ఇన్నేళ్లు ఆ గొంతులు విన్నందుకు తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ఆమె ధీమా. రెనేకి పదిసార్లు చెప్పింది ఆ మాట ఎంత బాగుందో.

ఏప్రిల్‌లో బుధవారం పొద్దుటి పూట లైబ్రరీ వెనక గదిలో కాగితపు పరీక్ష పెట్టారు. బొమ్మలు లేవు, రంగులు లేవు, శీర్షికలు మాత్రమే ఉన్నాయి. ఒక్కొక్కరూ వచ్చి కూర్చుంటారు. ఒక అవసరం చెబుతారు. దానికోసం ముందు ఎక్కడ వేలు పెడతారో చూపించాలి. మార్లిస్ ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేది: "ఇది మీకు పెట్టిన పరీక్ష కాదు. మేం రాసినదానికి పెట్టిన పరీక్ష. మీకు దొరకలేదంటే తప్పు మాది."

ఆ తర్వాత ఆమె మాట్లాడకూడదు. అదే నరకం. ఇరవై ఆరేళ్లు దారి చెప్పడమే పనిగా బతికిన మనిషి, ఎదుటివాడు తప్పు దారిన పోతుంటే నోరు మెదపకూడదు. మొదట్లో రెండుసార్లు వేలు చూపించేసింది. రెనే బల్ల కింద కాలితో తన్నింది. దాంతో మార్లిస్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

తొమ్మిదిమంది వచ్చారు. చెత్త అందరికీ దొరికింది. జింక ఎనిమిదిమందికి దొరికింది. చమురు మాత్రం ఇద్దరికే దొరికింది.

ఏడుగురి వేలూ 'సాయం' మీద ఆగలేదు. కొందరు దాని మీది నుంచి దాటుకుని వెళ్లిపోయారు. ఒకావిడ, అది వెబ్‌సైటు వాడడం రానివాళ్లకేమో అనుకున్నానంది. చివర్లో వచ్చిన వైనో లహ్తి అయితే 'సాయం' అన్న మాట మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు.

పరీక్ష అయిపోయాక మార్లిస్ ఉండబట్టలేక అడిగింది. "అక్కడే కదా వైనో గారూ వేలు పెట్టారు. ఎందుకు తీసేశారు?"

"అది సాయం అడిగేవాళ్లకి."

"మీకు కావలసింది అదేగా?"

వైనో ఆమె వైపు కాస్త తీక్షణంగానే చూశాడు. "నేనెప్పుడూ ఎవర్నీ సాయం అడగలేదమ్మాయ్. నాకు చమురు కావాలి. అది వేరు, ఇది వేరు."

మార్లిస్ మెనూ కాగితాన్ని ముందుకు లాక్కుంది. ఆయన వెళ్లాక కూడా ఆ కాగితం కేసి అలాగే చూస్తూ కూర్చుంది.

"మీ పిల్లాడు ముద్దుగా లేడని ఎవరో అన్నట్టు పెట్టారేంటి మొహం?" అంది రెనే.

"ఇరవై ఆరేళ్లు విన్నాను రెనే. విన్నానని అనుకున్నాను. ఫోనులో ఒక్కరు కూడా 'సాయం' అని అడగలేదు. 'చమురు అయిపోయింది' అంటారు. 'కరెంటు వాళ్లు కాగితం పంపారు' అంటారు. నా పుస్తకంలో నా చేత్తో రాసుకున్నాను. రాసుకుని కూడా, నాకు నచ్చిన మాట పెట్టాను."

రెనే పెన్ను తీసి ఆమె చేతికిచ్చింది. మార్లిస్ 'సాయం' కొట్టేసి, కాసేపు ఆలోచించి, 'ఇల్లు, చమురు, కరెంటు' అని రాసింది. రెండు వారాల తర్వాత కొత్తవాళ్లు తొమ్మిదిమందిని కూర్చోబెడితే ఎనిమిదిమంది నేరుగా అక్కడే వేలు పెట్టారు. ఆ ఎనిమిదో మనిషి వేలు కాగితాన్ని తాకినప్పుడు మార్లిస్ చేతులు తొడల కిందే ఉన్నాయి, పెదాలు బిగించే ఉన్నాయి, కళ్లు మాత్రం నిండాయి.

మిగిలింది కర్టిస్. రెనే ఆయన్ను, కౌంటీని నడిపే బోర్డు సమావేశంలో అందరి ముందూ కూర్చోబెట్టి పాత వెబ్‌సైటులో వెతికించాలని ఉబలాటపడింది. "తిప్పలు పడనీండి, అందరూ చూస్తారు" అంది.

"వద్దు" అంది మార్లిస్. "ఒక్కరి ముందు దారి తప్పినా ఎలా ఉంటుందో నేను చూశాను."

ఒక పొద్దున పుస్తకం, లెక్కలు, కాగితపు మెనూ తీసుకుని కర్టిస్ గదికి వెళ్లి తలుపేసింది. "రుజువులున్నాయి. కానీ ముందు మీరొకసారి కూర్చోండి. ఎవరూ లేరు, మనిద్దరమే. డంపు ఆదివారం తెరిచి ఉంటుందో లేదో చెప్పండి."

కర్టిస్ నవ్వుతూ మొదలెట్టాడు. తను కట్టించిందే కాబట్టి 'పర్యావరణ సేవలు', 'ఘన వ్యర్థాల నిర్వహణ', 'బదిలీ కేంద్రాలు' దాకా చకచకా వెళ్లాడు. అక్కడ నలభై పేజీల నివేదిక ఒకటి తెరుచుకుంది. కిందికి జరుపుతూ జరుపుతూ పోయాడు. నవ్వు తగ్గింది. వెనక్కి వెళ్లబోయాడు. వెళ్లలేకపోయాడు. మార్లిస్ చేతుల మీద కూర్చునే ఉంది.

"చచ్చిన జింక?" అందామె.

ఆరు నిమిషాల తర్వాత కర్టిస్ మౌసు వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాడు. "దీన్ని నేనే కట్టించాను, మార్లిస్."

"మన ఆఫీసు గదులు ఎలా ఉన్నాయో అలా కట్టించారు. లోపలున్న మనకి ఏ గదిలో ఎవరున్నారో తెలుసు. బయటివాళ్లకి అది ఎందుకు తెలియాలండీ? వాళ్లకి చెత్త పారేయాలి, అంతే."

కర్టిస్ పసుపు పుస్తకం అందుకున్నాడు. ఆ పూటంతా దాంతోనే గడిపాడని తర్వాత ఆయన గుమాస్తా చెప్పింది. వారం తిరక్కుండా బోర్డు ముందు ఆయనే నిలబడి, కొత్త మెనూ కావాలని వాదించాడు. "మన బల్ల దగ్గర కూర్చునే ఆవిడ కనిపెట్టింది" అని పేరు పెట్టి చెప్పాడు.

వేసవంతా రెనే పని చేసింది. బాణం పెడితే జారి, తీస్తే మాయమయ్యే మెనూలు పోయి, నొక్కితే తెరుచుకుని మళ్లీ నొక్కేదాకా నిలబడే మెనూలు వచ్చాయి. ప్రతి పేజీ పైనా ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చెప్పే చిన్న వరుస వచ్చింది. కొత్త కిటికీలు తెరుచుకోవడం ఆగింది. వెతికే పెట్టెలో 'డంపు' అన్నా 'చెత్త' అన్నా ఒకే పేజీ వస్తుంది. ప్రతి బుధవారం లైబ్రరీలో ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు, ఏదో ఒకటి తప్పేది, గురువారం రెనే దాన్ని సరిచేసేది. ఒక్కోసారి ఆమె విసుక్కునేది కూడా. "ఇంకా ఎంతమందిని తెస్తారు? ఊళ్లో జనం అయిపోలేదా?" అనేది. మళ్లీ మంగళవారం సాయంత్రమే ఫోను చేసి రేపు ఎవరు వస్తున్నారని అడిగేది.

అక్టోబరు మొదటి సోమవారం చమురు కాగితాలు తీసుకోవడం మొదలయ్యే రోజు. ఏటా ఆ రోజు ఫోను కింద పెట్టడానికి వీలుండేది కాదు. మార్లిస్ ఇంటి నుంచి రెండు ఫ్లాస్కుల కాఫీ తెచ్చుకుంది, గొంతు బిళ్లలు తెచ్చుకుంది. ఎనిమిదైంది. ఎనిమిదిన్నర అయింది. మూడు ఫోన్లు వచ్చాయి, అంతే. తొమ్మిదింటికి ఆమెకు అనుమానం వచ్చి, ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. బాగానే మోగుతోంది. అయినా నమ్మకం కుదరక డ్వేన్‌కి చేసింది.

"నా ఫోను పనిచేస్తోందా?"

"చేస్తుంటేనే కదా నువ్వు మాట్లాడుతున్నావు! ఏమైంది నీకు?"

"ఎవరూ చేయట్లేదు డ్వేన్."

అవతల బండి ఇంజను చప్పుడు ఆగింది. "ఎవరూ చేయట్లేదా?" అని అడిగి, "అయితే నువ్వు గెలిచావే, పిచ్చిదానా" అన్నాడు. ఆ గొంతులో జోకు లేదు.

పది గంటలకు రెనే మెట్లెక్కి పరుగున వచ్చింది. అప్పటికే డెబ్భై ఒక్క కాగితాలు వెబ్‌సైటు నుంచి వచ్చి ఉన్నాయి. నవంబరు ఆఖరుకు మూడు వందల పదకొండు అయ్యాయి. అంతకు ముందు ఏడాది అదే సమయానికి వచ్చినవి నూట నలభై. అంటే చలి ముదరక ముందే నూట డెబ్భై ఒక్క ఇళ్లు ఎక్కువగా వెచ్చబడ్డాయి. ఆ అంకెలను మార్లిస్ పసుపు పుస్తకం చివరి పేజీలో రాసుకుని, కింద తేదీ వేసి, ఎందుకో సంతకం కూడా పెట్టింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నో కాగితాల మీద కౌంటీ ముద్ర గుద్దింది గాని, ఇది నేను చేసిన పని అని సంతకం పెట్టుకున్నది అదే మొదలు.

ఫోన్లు తగ్గాయి కాబట్టి బల్ల దగ్గర మనిషి అవసరమా అని బోర్డులో ఎవరో గొణిగారు. కర్టిస్ ఆ మాటను సాగనివ్వలేదు. బల్ల బల్లగానే ఉంది. వారంలో రెండు రోజులు మాత్రం మార్లిస్ రెనేతో కలిసి వెబ్‌సైటు చూసుకోవాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. ఆ కొత్త పనికి పేరు తలుపు మీద ఏమని రాయాలని అడిగితే, ఏ పేరైనా సరే, చదివినవాడికి అర్థమయ్యేది పెట్టండి అంది.

వెబ్‌సైటు ఒకసారి బాగుపడితే అలాగే ఉండిపోదని ఆ చలికాలంలోనే ఆమెకు తెలిసొచ్చింది. రోడ్ల శాఖవాళ్లు తమ పేరు మొదటి పేజీలో పెద్దగా ఉండాలన్నారు. పోలీసు పని చూసే షెరీఫు కార్యాలయంవాళ్లు ఎర్ర బొత్తాం ఒకటి కావాలని మూడుసార్లు మనిషిని పంపారు. మార్లిస్ కాదనలేదు, అవుననలేదు. "బుధవారం రండి. జనం ముందు పెడదాం. వాళ్లకి పనికొస్తే ఉంచుదాం" అంది. షెరీఫు మనిషి వచ్చి కూర్చుని, అయిదుగురు వరసగా తన ఎర్ర బొత్తాన్ని ప్రకటన అనుకుని దాటిపోవడం కళ్లారా చూశాడు. మళ్లీ అడగలేదు.

మార్చిలో పక్క కౌంటీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి వెబ్‌సైటులో కూడా జనం దారి తప్పుతున్నారట, ఒకసారి వచ్చి చెప్పగలరా అని. మార్లిస్, రెనే కలిసి బయల్దేరారు. రెండు గంటల ప్రయాణం. దారంతా రెనే పాటలు పెట్టి విసిగించింది. అక్కడి సమావేశం గదిలో పద్నాలుగు మంది అధికారులు, ఇద్దరు ఇంజనీర్లు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. మార్లిస్‌ను పరిచయం చేసినాయన ఆమె ఎక్కడ చదివిందని అడిగాడు.

"టామరాక్ కౌంటీ ముందు బల్ల దగ్గర" అంది మార్లిస్.

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు, నొచ్చుకోలేదు కూడా. గది బయట బెంచీ మీద కారు నంబరు పలక కోసం వచ్చిన ఒక నడివయసు ఆడమనిషి కనబడితే, తలుపు తెరిచి, పది నిమిషాలు ఇవ్వగలరా అని అడిగి లోపలికి తీసుకొచ్చింది. పెద్ద తెర ముందు కూర్చోబెట్టింది. ఇది మీకు పెట్టిన పరీక్ష కాదు, వీళ్లకు పెట్టింది అని చెప్పింది. గదిలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

"ఇప్పుడు మీరెవరూ మాట్లాడకూడదు" అంది. "కష్టంగా ఉంటుంది. చేతుల మీద కూర్చోండి."

పద్నాలుగు మంది అధికారులూ, ఇద్దరు ఇంజనీర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెన్నులు కింద పెట్టి, చేతులు తొడల కిందికి పోనిచ్చారు. ఆ ఆడమనిషి మౌసు పట్టుకుంది.